గొంతు కలిసిన సరుకు

వ్యాపారం మొదలుపెట్టిన నాడు కాటా చేతిలో ఉన్నవి ఒక రేకుల షెడ్డు, ఆవిరితో నడిచే పాత అచ్చు యంత్రం, ఆ యంత్రాన్ని కొనిపెట్టిన అక్క. లేనిదల్లా పాట వినే చెవి. చెవుడు కాదు. షెడ్డు ఆ మూల బోల్టు వదులైతే ఈ మూల నుంచే పసిగట్టేవాడు. కాని పాట ఒక చెవిలోంచి వెళ్ళి, లోపల కూర్చోడానికి చోటు దొరక్క, రెండో చెవిలోంచి బయటపడేది. రికార్డులు అచ్చువేసి బతికేవాడికి అది లోటు కాదా అని ఎవరైనా అంటే, చెప్పులమ్మేవాడు ప్రతి జతా తొడిగి చూస్తాడా అని ఎదురడిగేవాడు.

అసలు పేరు ఎప్పుడో మరుగున పడింది. ఏ సరుకు వచ్చినా దాని మంచీ చెడ్డా కాటా మీద పెట్టి తేల్చేవాడు కాబట్టి అందరికీ అతను కాటాయే అయ్యాడు.

పాత గ్రామఫోను రికార్డులు తూకానికి కొనేవాడు. మరలో వేసి నల్లటి నూక చేసేవాడు. ఆ నూకను కరిగించి ముద్ద చేసి, అచ్చు దిమ్మల మధ్య నొక్కితే కొత్త రికార్డు వస్తుంది. మరలో వేసే ముందు రికార్డు నడుమ ఉండే కాగితం లేబుల్‌ని గుండ్రటి కత్తితో కోసి తీసెయ్యాలి. కాగితం ముక్క కలిసిందంటే సరుకు చెడుతుంది, సూది గరగరలాడుతుంది. కోసిన లేబుళ్ళు బాయిలరు పొయ్యిలోకి పోయేవి. పాడినవాళ్ళ పేర్లు, పాటల పేర్లు అన్నీ కలిసి కాస్త ఆవిరి అయ్యేవి. మిగిలిన నల్లటి వలయాలకు పేరుండదు. పేరు లేని సరుకంటే కాటాకి ఇష్టం. బేరం తేలిగ్గా తెగుతుంది.

అక్క పాటలు పాడేది. కచేరీ పాటలు కావు. సందు చివర టీ కొట్లో, బస్సులో, కుట్టుమిషన్ల మధ్య వినిపించే పాటలు. ఒక రికార్డు కంపెనీ పిలిచి పాడించేది. రికార్డు బయటికొచ్చిన కొద్దిరోజులకే పాట జనం నోట్లో ఉండేది. అలా పాడి సంపాదించిందే తమ్ముడికి యంత్రమైంది. తరవాత ఆమె పెళ్ళి చేసుకుంది. బావ సంగీత శాస్త్రం బోధించేవాడు. సంగీత పరిషత్తులో ఏది కళో ఏది కాదో తేల్చే పరీక్షకుడు. చెడ్డవాడు కాడు, గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. ఒకనాడు భోజనాల దగ్గర మాత్రం, ఎవరో స్నేహితుడు అడిగితే, బజారు పాట కాలక్షేపమే గాని సంగీతం కాదని, అందులో విచారించి చూడదగ్గది ఏమీ ఉండదని అన్నాడు. వడ్డిస్తున్న అక్క "ఊఁ" అంది. అంతే. ఆమెను ఎవరూ మానమనలేదు. తనే మానేసింది. కూతురికి మాటలు రాకముందే జబ్బు చేసి పోయింది.

కంపెనీ మూతపడినప్పుడు మిగిలిన రికార్డులన్నీ కాటా గంపగుత్తగా కొని గోదాములో వేయించాడు. గట్టి సరుకు. మరలో పడితే నూక తళతళలాడేది. అక్క పాటలు కూడా అందులో ఉన్నాయని తెలుసు. ఉంటాయిలే, ఎక్కడికి పోతాయి అనుకున్నాడు. గోదాము నిండా సరుకున్నవాడికి సరుకు అయిపోతుందన్న ఊహ రాదు.

మేనకోడలు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. అక్కడ పక్క బల్ల మీద పనిచేసే పెద్దావిడ ఎప్పుడూ ఒకటే పాట కూనిరాగం తీస్తుంటే, అదేం పాటని అడిగింది. మీ అమ్మ పాటేనే పిల్లా, నీకు తెలీదా అంది ఆవిడ. అమ్మాయి ఆ సాయంత్రం తండ్రి దగ్గరికి పోకుండా నేరుగా షెడ్డుకు వచ్చింది.

"మావయ్యా, అమ్మ గొంతు ఎలా ఉండేది?"

"బాగుండేది."

"బాగుండేదంటే?"

కాటా కొంచెం ఆలోచించాడు. "బాగా అమ్ముడుపోయేది."

ఆమె నవ్వేసి, నువ్వు విన్నట్టు లేదు, కొట్లో కూర్చుని చూసినట్టుంది అంది. ఒక్కసారి వింటే చాలు, ఒక్క రికార్డు ఇప్పించమంది. అదెంత పని, గోదాము నిండా ఉన్నాయి, తెచ్చిస్తానన్నాడు కాటా. ఆమె వెళ్తూ వెళ్తూ, మాట తప్పావంటే వచ్చి నీ కాటా మీద కూర్చుంటా, ఇంక లేవను అని బెదిరించింది. అతను నవ్వాడు. ఆ మాటని మనసులో ఒక మూల పెట్టాడు. మూల పెట్టిన సరుకు సంగతి తెలిసిందే.

ఆ వెంటనే పరిషత్తు నుంచి ఆర్డరు వచ్చింది. బావకి గురువైన పెద్ద విద్వాంసుడు గతించాడు. ఆయన పాడిన టేపులన్నీ రికార్డులుగా వెయ్యాలి. పరిషత్తు ఇంతకుముందు ఎన్నడూ కాటా షెడ్డు వంక చూసింది లేదు. ఈ పని నిలబడితే ఇక బజారు పాటల అచ్చు మానుకుని, పెద్దమనుషుల సరుకే చెయ్యొచ్చు. బావ స్వయంగా వచ్చి, "ఏమోయ్, నాసిరకం కలిపావంటే నేనే తిప్పికొడతాను, బావమరిదివని చూడను" అన్నాడు.

కాటా అచ్చు మేస్త్రిని పిలిచి గోదాములో గట్టి సరుకు తియ్యమన్నాడు. అంతానా అన్నాడు మేస్త్రి. అంతా అన్నాడు కాటా.

అమ్మాయికిచ్చిన మాట గుర్తొచ్చి గోదాముకు పరుగెత్తేసరికి అరలు ఖాళీ. షెడ్డులో వలయాలు కుప్పపోసి ఉన్నాయి. సగం అప్పటికే నూకైపోయింది. లేబుళ్ళు పొయ్యిలో ఉన్నాయి. మిగిలిన వాటిల్లో అక్కవేవో తెలిసే దారి లేదు, తెలిసినా వినిపించే దారి లేదు. నడుమ అంత చిల్లు పడ్డాక రికార్డు ఏ యంత్రం మీదా నిలవదు. కాటా ఊరంతా తిరిగాడు. పాత సామాన్ల వాళ్ళను అడిగాడు. వాళ్ళు అతన్ని ఎగాదిగా చూశారు. ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ ఊడ్చి పట్టుకుపోయింది నువ్వే కదా, ఇప్పుడు మా దగ్గర వెతుకుతావేంటి అన్నారు. నిజమే. అక్క గొంతున్న రికార్డు ఒక్కటి కూడా మిగలకుండా కొన్న వ్యాపారి తనే. పనిలో అంత గట్టివాడు ఇంకొకడు లేడు.

మేనకోడలికి, ఇంకా వెతుకుతున్నానని కబురు చేశాడు. మిగతా కుప్ప మరలోకి పోయింది.

పరిషత్తులో ఒక పద్ధతి ఉంది. తొలి రికార్డును లేబుల్ అంటించకుండా పరీక్షకుడి ముందు పెడతారు. అది ఎవరిది, ఏమిటి అని ఒక్క ముక్క చెప్పరు. విని అతను తీర్పు నోటితో చెప్పాలి. పేరు తెలిస్తే చెవి మొహమాటపడుతుందని బావ అనేవాడు. ఆ పద్ధతి పెట్టించింది తనే. గురువుగారి రికార్డని తెలిసి కూడా లేబుల్ లేకుండానే పెట్టమన్నాడు, పద్ధతి పద్ధతే అన్నాడు.

ఎండ నడినెత్తిన ఉన్న వేళ. వినికిడి గది గోడలకు దళసరి గుడ్డ కొట్టించి ఉంటుంది. లోపలికి వెళ్ళి తలుపు వేస్తే సొంత ఊపిరి కూడా పరాయిదిలా వినిపిస్తుంది. బావ కుర్చీలో, మేస్త్రి యంత్రం దగ్గర, కాటా తలుపు పక్కన. సూది దిగింది. కాటాకి బుసబుసమనే చప్పుడు, ఆ వెనక ముసలాయన తీసే రాగం వినిపించాయి. మామూలే. బావ మొహంలోకి చూశాడు. బావ కళ్ళు మూసుకోలేదు. ఎవరో గదిలోకి వచ్చినట్టు మూలకి చూస్తున్నాడు.

"మళ్ళీ పెట్టు," అన్నాడు.

మళ్ళీ విన్నాడు. గురువుగారి వెనకాల ఎవరో ఆడమనిషి ఉందన్నాడు. మేస్త్రి తల దించుకున్నాడు. అసలు టేపు పెట్టి చూశారు. టేపులో గురువుగారు ఒక్కరే ఉన్నారు. ఇంకో రికార్డు తెప్పించి పెట్టారు. అందులో ఆమె ఉంది.

"నీకు వినిపించట్లేదా?" అన్నాడు బావ.

లేదన్నాడు కాటా. అచ్చులో లోపం ఏదైనా ఉంటే ఊరికే మళ్ళీ వేసిస్తానన్నాడు.

"లోపమా?" బావ గొంతు తగ్గించాడు. "ఆవిడెవరో గాని, గురువుగారి కంటే ఓ క్షణం ముందు స్వరం మీదికి చేరుకుంటోంది. ఆయన వచ్చేసరికి పక్కకి తప్పుకుంటోంది. చీకట్లో లాంతరు పట్టుకుని ముందు నడిచినట్టు. ఇది నేర్పితే వచ్చేది కాదోయ్. నా తీర్పు అడుగుతావా, గురువుగారిది పాండిత్యం. ఆవిడది సంగీతం."

ఆ మాట అంటుండగానే పాట అయిపోయింది. సూది చివరి ఖాళీ గాడిలో తిరుగుతోంది. అక్కడ బుసబుస తప్ప ఏమీ ఉండదు. బావ కుర్చీ చేతులు పట్టుకుని వంగాడు. తరవాత కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. 

"'ఊఁ' అంది," అన్నాడు.

"ఎవరు బావగారూ?"

"మీ అక్క."

ఈ సరుకు ఎక్కడిదని అడిగాడు. కాటా దాచలేదు. కంపెనీ గోదాము, లేబుళ్ళు, మర, అన్నీ చెప్పాడు. బావ వింటున్నంతసేపూ తిరుగుతున్న రికార్డు మీద నుంచి చూపు తియ్యలేదు. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం, ఆమె పాడగా నేను ఒక్క పాటా చివరిదాకా వినలేదోయ్ అన్నాడు. అప్పట్లో పేరు చూసి తీర్పిచ్చాను, ఇవాళ పేరు లేకుండా విని ఇచ్చాను, ఈ రెంటిలో ఏది కొట్టెయ్యమంటావ్ అని అడిగాడు. కాటాకి తీర్పుల సంగతి తెలీదు. ఆర్డరు ఉంటుందా పోతుందా అన్నది అతని బెంగ. ఆ బెంగకి కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

రికార్డులన్నీ అప్పటికే అచ్చయి షెడ్డులో బొత్తులుగా ఉన్నాయి. వాటి చుట్టూ మిగిలిపోయే అంచులను ఆడవాళ్ళు కత్తిరిస్తున్నారు. ఎప్పుడూ గోలగోలగా ఉండే చోటది. ఒకరి అత్తగారి మీద ఇంకొకరు హాస్యాలాడుకుంటారు. ఆ రోజు మాటలే లేవు. అందరూ ఒకటే రాగం కూనిరాగంగా తీస్తున్నారు. ఎవరు మొదలుపెట్టారని మేస్త్రి అడిగితే ఎవరికీ తెలీదు. పాట తెలుసా అంటే తెలీదన్నారు. ఒకావిడ చెవుల్లో దూది పెట్టుకుని ఉంది. పెట్టుకుని ఏం లాభం, పళ్ళలోంచి వస్తోంది అంది.

బాయిలరు ఆపించారు. షెడ్డంతా ఎండ పడి తెల్లగా ఉంది. రేకులు వేడికి టపటపమంటున్నాయి. కూనిరాగం ఆగిపోయింది. అయినా ఆడవాళ్ళు పనిముట్లు కింద పెట్టి ఒక్కొక్కరే బయటికి నడిచారు. ఒకావిడ వెళ్తూ బొత్తుల వైపు తిరిగి, లోపల ఎవరో నిద్రపోతున్నప్పుడు చేసినట్టు, తలుపు చప్పుడు కాకుండా వేసింది.

మేస్త్రీ, బావా కలిసి వరసగా ఒక్కొక్క టేపు తాలూకు రికార్డూ వేసి విన్నారు. కాటా బయట గట్టు మీద కూర్చున్నాడు. పోనుపోను ఆమె ఎక్కువవుతోందని మేస్త్రి వచ్చి చెప్పాడు. మొదట వెనకాల ఉంది, తరవాత పక్కకి వచ్చింది. చివరి రికార్డు విని బావ బయటికి వచ్చేసరికి అతని పెదవుల్లో రంగు లేదు.

"గురువుగారు ఆగారు," అన్నాడు. "పాట మధ్యలో ఆగి, ఆమెకి వదిలేశారు. బతికుండగా ఆయన ఎవరి కోసమూ ఆగలేదు. తాళం వేస్తున్నారు. నాకు వేలి చప్పుడు వినిపించింది."

టేపులో అలా లేదు కదా అన్నాడు కాటా. టేపులో పాట ఆగకుండా చివరిదాకా ఉందన్నాడు బావ.

కొంచెంసేపటికి స్థిమితపడ్డాడు. అన్నీ మరలో వేసెయ్, వేరే సరుకుతో మళ్ళీ అచ్చువెయ్యి, ఖర్చు పరిషత్తుదే అన్నాడు. బయటికి పంపితే జనం గురువుగారి పాటలో ఎవరో కలిపారంటారు. ఎవరూ కలపలేదని తను ఎలా చెబుతాడు, కలిసిందే గొప్పగా ఉందని ఎలా చెబుతాడు. పరీక్షకుడికి భయం వేస్తే తీర్పు ఉండదోయ్ అన్నాడు. నాకు భయం వేసింది అన్నాడు.

వ్యాపారిగా చూస్తే మంచి బేరం. ఒక పని రెండుసార్లు చేసి రెండింటికీ రాబట్టుకోవచ్చు, ఆర్డరూ నిలబడుతుంది. కాటా మర తిప్పించాడు. మొదటి బొత్తు ఎత్తడానికి వెళ్ళి రెండు చేతులూ దాని మీద వేశాడు. అచ్చయి చాలాసేపైంది, చల్లగా ఉండాల్సిన సరుకు. గోరువెచ్చగా ఉంది. అరచేతి కింద సన్నగా అదురుతోంది. చిన్నప్పుడు జ్వరం వచ్చి అక్క ఒళ్ళో పడుకున్నప్పుడు, ఆమె ఏదో పాడుతుంటే ఊసుపోక ఆమె గొంతు మీద చెయ్యి వేసేవాడు. పాట తెలిసేది కాదు, అదురు తెలిసేది. ఇది ఆ అదురే.

చెయ్యి తీసి మళ్ళీ వేశాడు. అక్కడే ఉంది.

అప్పుడే మేనకోడలు వచ్చింది. ఇచ్చిన మాట సంగతి తేల్చుకుందామని వచ్చిన మనిషి, తండ్రి మొహం చూసి, మావయ్య మొహం చూసి, ఏమీ అడగలేదు. కాటా ఆమెను వినికిడి గదిలోకి తీసుకెళ్ళి చివరి రికార్డు తనే పెట్టాడు. తలుపు దగ్గరికి బావ వచ్చి నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

 అమ్మాయి పెదవులు కదిలాయి, పాటతో కాదు. ఎవరికో జవాబు చెబుతున్నట్టు. ఏమంటోంది అని కాటా అడిగాడు.

"పాడుతోంది, అంతే," అంది. "మావయ్యా, పక్క బల్ల పెద్దావిడ పాడే పాటే ఇది. ఆవిడ పాడితే మామూలుగా ఉంటుంది. ఇందులో..." చెప్పలేకపోయింది. "కాస్త ఆగు, అయిపోలేదు."

కాటా బయటికి వచ్చి మర ఆపమన్నాడు. బావ అతని వెనకే వచ్చాడు.

"ఇదేంటోయ్? చెప్పాను కదా."

"బావగారూ, ఈ సరుకు మీకివ్వడం కుదరదు."

"ఆర్డరు మాది."

"మీకంటే ముందు ఆర్డరిచ్చింది అమ్మాయి. వాళ్ళమ్మ గొంతు కావాలని అడిగింది, ఇస్తానన్నాను. మీరు వెనక వచ్చారు. వెనక వచ్చినవాళ్ళ కోసం ముందువాళ్ళ సరుకు మరలో వెయ్యను. నా కొట్టు పద్ధతి అది. మీకూ ఒక పద్ధతి ఉంది కదా."

"పరిషత్తు ఇంక నీ గడప తొక్కదు, తెలుసా?"

"తెలుసు."

 గది లోపలి నుంచి అమ్మాయి నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఆగాక, ఒక తాళం ఆలస్యంగా, బావ మళ్ళీ అటు తల తిప్పాడు. అమ్మాయి కాని వేరే ఎవరో నవ్వినట్టు. కాటాకి మొదటి నవ్వే వినిపించింది.

పరిషత్తు గురువుగారి టేపుల్ని వేరేచోట అచ్చు వేయించుకుంది. కాటా షెడ్డు మళ్ళీ మామూలు పనుల్లో పడింది. కాని ఆ పనిలో ఒక అలవాటుంది. కత్తిరించిన అంచుల్ని ఎవరూ పారెయ్యరు, మళ్ళీ నూకలో కలిపేస్తారు. ఆ రోజు కత్తిరించిన అంచులూ కలిశాయి. ఆ కలిసిన సరుకు అంచులు తరవాతి సరుకులో కలిశాయి. ఇంక వేరు చెయ్యడం ఎవరి తరమూ కాదు. పిల్లలకు పరాయి భాష నేర్పే రికార్డులు వేస్తే, మాటకీ మాటకీ మధ్య ఒక ఆడగొంతు కొంచెం రాగం తీస్తోందని బడివాళ్ళు తిప్పిపంపారు. వ్యాయామం నేర్పే రికార్డులో అంకెల వెనక ఎవరో పాడుతున్నారని ఒకాయన కొట్లాటకు వచ్చాడు. మర్నాడు మళ్ళీ వచ్చి అలాంటివి ఇంకో రెండుంటే ఇమ్మన్నాడు. అలా అడిగి మరీ కొనేవాళ్ళు ఇప్పుడు కొందరున్నారు. ఏం వినడానికి కొంటున్నారో చెప్పరు, కాటా అడగడు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు వేసుకోవద్దని మాత్రం మేస్త్రి తనంతట తాను చెప్పి పంపుతాడు.

బావ పరీక్షకుడి పని మానుకున్నాడు. మధ్యాహ్నాలు షెడ్డుకు వచ్చి వినికిడి గదిలో కూర్చుంటాడు. తలుపు మూయనివ్వడు. ఒకసారి కాటా ఉండబట్టలేక, ఇంతకీ ఇది కళేనా బావగారూ అని అడిగాడు.

"వింటున్నంతసేపూ ఆ ప్రశ్న గుర్తుండటం లేదోయ్," అన్నాడు బావ. "గుర్తొచ్చేసరికి పాట అయిపోతోంది. అయిపోయాక 'ఊఁ' అంటుంది. అప్పుడు నేనే కదా జవాబు చెప్పాల్సింది."

చివరికి తేలింది ఇది. పెద్దమనుషుల సరుకు చెయ్యాలన్న ఆశ పోయింది. గోదాములో అక్క పాటలు పోయాయి, షెడ్డులో అక్క వచ్చి కూర్చుంది. మేనకోడలికి అమ్మ గొంతు దొరికింది. బావకి పోయిన భార్య దొరికింది, దొరికినందుకు అతను సుఖంగా ఉన్నాడో లేదో కాటా చెప్పలేడు. కాటా ఒక్కడికే ఇప్పటికీ ఏమీ వినిపించదు. కాని సెలవు రోజున అమ్మాయి వచ్చి రికార్డు పెట్టుకుంటే అతను ఎదురుగా కూర్చుని ఆమె ముఖం చూస్తాడు. అక్క ఎక్కడ గొంతు దించింది, ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఎక్కడ తన వంక చూసింది, అన్నీ ఆ ముఖం చూసి చెబుతాడు. అమ్మాయి అవునంటుంది. అతనికి మిగిలింది అది.